చివరి పేజీలు లేని చంద్రుడి నవల

నవంబరులో ఒక ఉదయం పదకొండింటికి మంచుకొండల్లోని సైనిక పోస్టుకు చేరాను. పదహారు వేల అడుగుల ఎత్తు. వీపున ఇరవై రెండు కిలోలు. హిందూపురం ఎండల్లో పెరిగిన ఒళ్లు మొదటి గంటలోనే మొరాయించింది. నా పని రేడియో.

మేం తెలుగువాళ్లం ఒకరినొకరు ఊరి పేరుతోనే పిలుచుకునేవాళ్లం. మందులిచ్చే జవాను ధర్మవరం. అతని పెట్టెలో సగం మాత్రలు, సగం సైన్స్ ఫిక్షన్ నవలలు. ఏ బాధ చెప్పినా ఒక నవల రాసిచ్చేవాడు. ఇల్లు గుర్తొస్తే గ్రహాల మధ్య ఉత్తరాలు మోసే మనిషి కథ. కోపమొస్తే మరమనుషులు సమ్మె చేసే కథ. నాకు రెండూ పనిచేశాయి. చదివిన పేజీ చించి బుఖారీ రాజెయ్యాలి, అదొక్కటే షరతు. బుఖారీ అంటే మా కిరసనాయిలు పొయ్యి.

జనవరిలో పైపోస్టులో ఉన్న పెనుకొండ తిండి మానేశాడు. అంత ఎత్తులో ఆకలి చచ్చిపోతుంది. పక్కనున్న ఇద్దరికీ తెలుగు రాదు. గాలికి హెలికాప్టర్ ఎగరదు. దారి మంచులో పూడిపోయింది.

“తినకుంటే దిగలేడప్పా. దారి తెరిచేలోగా పడిపోతాడు,” అన్నాడు ధర్మవరం. చంద్రుడి మీద ఒంటరిగా చిక్కుకుని ఓడ కోసం కాచుకునే మనిషి నవల నా చేతిలో పెట్టాడు. “దినామూ రేడియోలో చదువు. వాడు తిన్నాకనే.”

సుబేదార్ రోజూ ఉదయం పదింటికి పది నిమిషాలు ఇచ్చాడు.

“తింటివా? ఓవర్.”

“నాలుగు ముద్దలు తింటి. చదువు. ఓవర్.”

పదిహేడో రోజు టీ తొందరలో పుస్తకాన్ని వెనకవైపు నుంచి చించాను. చివరి పేజీలు భగ్గుమన్నాక గానీ చూసుకోలేదు. నా మీద నాకే ఒళ్లు మండింది.

ధర్మవరం తల పట్టుకున్నాడు. “ఓడ రాదబ్బా. ఆ మనిషి ఆడనే సచ్చిపోతాడు. ఆ ముక్క మాత్రం చెప్పొద్దు.”

మిగిలిన పేజీలు మూడు రోజులకు అయిపోయాయి. నాలుగో రోజు ఉత్త అట్ట పట్టుకుని, చదువుతున్నట్టే ఓడను దింపాను. తలుపు తెరిపించాను. ఆ మనిషికి వేడివేడి రాగిసంగటి కూడా పెట్టించాను.

రేడియో గరగరలోంచి పెనుకొండ గొంతు వినిపించింది.

“ఓడ రాదు కదప్పా. ఈ పుస్తకం నేను ఊర్లోనే చదివిండా. ఓవర్.”

సిగ్గుతో చచ్చిపోయాను. “మొదుట్నే ఎందుకు చెప్పకపోతివి? ఓవర్.”

“చెప్తే నువ్వు పిలవవు కదా. పొద్దున్నే పిలుస్తావనే ముద్ద మింగుతాండా. ఓవర్.”

ఆ తర్వాత ఆరు రోజులు పుస్తకం లేకుండానే ఓడ తిరుగు ప్రయాణం చెప్పాను. ఆరు రోజులూ తిన్నాడు.

మార్చిలో ఇంటికొచ్చాను. హిందూపురంలో అందరూ తూటాల గురించే అడుగుతారు. నేను నవలలు చెబుతాను. మరమనుషుల సమ్మెతో మొదలుపెట్టమంటాను. చంద్రుడి నవల మాత్రం పక్కన ఎవరైనా ఉన్నప్పుడే చదవమంటాను.

చెబుతున్నంతసేపూ దారి తెరిచిన ఆ పొద్దే కళ్లముందుంటుంది. తొమ్మిదిన్నర. తెల్ల సూటు, నడుముకు తాడు. పెనుకొండ తన కాళ్ల మీద తానే దిగివచ్చాడు. నల్ల కళ్లద్దాలు తీసి, తిండి తినే ఖాళీ మెస్ టిన్ నా ముందుకు చాచాడు.

“సంగటి యాడ?”