ఎర్ర కన్నూ, నా నీళ్ళ పుస్తకమూ

ఆ రోజుల్లో నా వయసు యాభై రెండు. అయినా దాన్ని నా కుర్రతనమనే చెప్పుకుంటాను, నవ్వితే నవ్వండి. నలభై తొమ్మిదో ఏట వయోజన విద్యా కేంద్రంలో పలక పట్టినవాడికి యాభై రెండంటే అక్షరాల లెక్కలో మూడేళ్ళ ప్రాయం. మూడేళ్ళ పిల్లాడు గోడ కనపడితే గీస్తాడు, నేల కనపడితే గీస్తాడు. నేనూ అంతే. బస్సు బోర్డులు, సబ్బు కాగితాలు, శుభలేఖలు, రైలు స్టేషన్లో ఉమ్మరాదన్న హెచ్చరిక, ఏది కనపడితే అది గొంతెత్తి చదివేసేవాణ్ణి. (మా ఆవిడ నా పక్క సీట్లో కూర్చోవడం మానేసింది ఆ ఏడాదే.) చదివిన దానికంటే రాసిన దాని మీద ఇంకా మోజు. నా చేత్తో ఒక అంకె పడిందంటే అది దేవుడు వేసిన అంకె అన్నంత నమ్మకం నాకు.

అటువంటివాడికి ఒక పుస్తకమిచ్చి రోజూ రాయమన్నారు. భూమిలో నీళ్ళ సంగతి చూసే ఆఫీసువాళ్ళు గరివిడికి ఆమడ దూరంలో ఉన్న మా ఊరి బడి పక్కన ఒక బోరు వేశారు. తోడుకోవడానికి కాదు, చూసుకోవడానికి. పొద్దున్నే మూత తీసి, టేపు దించి, నీళ్ళు ఎంత లోతున ఉన్నాయో ఆ రోజు గడిలో రాయాలి. అదే ఉద్యోగం. వాళ్ళిచ్చేది బీడీలకి చాలదు, కానీ ఆ నల్ల అట్ట పుస్తకం చంకలో పెట్టుకుని ఊరి మధ్య నడుస్తుంటే ఎకరాలున్న రైతులు కూడా "ఏటి మావా, ఈయాల నీలెక్కడున్నాయి?" అని ఆపి అడిగేవారు. అంతవరకూ నన్ను ఆపి ఏదైనా అడిగినవాడు లేడు.

ఒక ఏడాది సంక్రాంతి వెళ్ళాక ఆఫీసువాళ్ళు వచ్చి, జానెడు పొడవున్న ఇనప గొట్టం లాంటి పరికరాన్ని తీగకు కట్టి ఆ బోరులో వేలాడదీశారు. అది గంట గంటకీ నీళ్ళ లోతు తనలో తనే దాచుకుంటుందట. "మరి నానెందుకు?" అని మొహం మీదే అడిగాను. "నీ రాత నువ్వు రాస్తూనే ఉండు" అన్నారు. నోరూ వాయీ లేని గొట్టం నా మీద ఏం చెబుతుందిలే అనుకుని మర్చిపోయాను. అక్కడే దెబ్బతిన్నాను.

మే నెలలో, బడి సెలవుల్లో, జీపు వచ్చింది. దిగినది కొత్తగా ఉద్యోగంలో చేరిన ఇంజినీరమ్మ. పలాస వైపు పిల్ల, మాట మెత్తన, చూపు గట్టి. వచ్చీ రాగానే "బాబాయ్, ఇవాళ ఆ గొట్టంలో ఉన్నదంతా దింపి, నీ పుస్తకం పక్కన పెట్టి చూస్తాం" అంది. జీపు డ్రైవరు మా ఆవిడ పుట్టినూరివాడు, నన్ను బావా అంటాడు. వాడు నా చెవి దగ్గరికొచ్చి, "బావా, మొన్న పక్క మండలంలో ఒకాయన ఇంటికాడ కూకోని అంకెలు రాసీసినాడట. గొట్టం మొత్తం సెప్పీసినాది. పుస్తకం లాక్కుపోనారు" అన్నాడు.

చంకలో పుస్తకాన్ని ఇంకా గట్టిగా నొక్కుకున్నాను. ఎందుకంటే, అంతకు రెండు నెలల ముందు మా పెద్దమావ కూతురి పెళ్ళి కొత్తవలసలో జరిగింది. ఊరంతా తరలి వెళ్ళాం, మూడు రోజులు. ఆ మూడు రోజుల గళ్ళూ నేను కొత్తవలసలో, విడిదింటి అరుగు మీద, పకోడీలు తింటూ నింపాను. పైగా బుర్ర పెట్టి నింపాను. ఎండలు ముదురుతున్నాయి, నీళ్ళు రోజుకి రెండు వేళ్ళు దిగుతున్నాయి కదా, అలాగే దిగుతాయి అని రోజుకి రెండు వేళ్ళు దింపుకుంటూ పోయాను. ఆ పుస్తకం పోతే ఊళ్ళో మళ్ళీ ఎవడూ నన్ను ఆపి అడగడు. అందుకని ఆ పూట పైకి ఇంజినీరమ్మకి సాయం చేస్తూ, లోపల మాత్రం ఆ యంత్రం పని చేయకూడదని ఊళ్ళో ఉన్న అమ్మవారికీ, బొబ్బిలి రోడ్డులో ఉన్న బాప్టిస్టు చర్చికీ కలిపి మొక్కుకున్నాను.

మొదట్లో మొక్కు బాగానే పని చేసింది. పైకి లాగిన గొట్టానికి కంప్యూటరు తీగ గుచ్చే కన్నం లేదు. నీళ్ళు చొరకుండా మూసేశారు. నెత్తి మీద ముదురెర్ర బిళ్ళ ఒకటుంది, అదే దాని కన్ను. దానికి ఎదురుగా కంప్యూటరుకు గుచ్చిన బొటనవేలంత ముక్క పెట్టాలి, దానికీ అటువంటి కన్నే. రెండు కళ్ళూ ఒకదాన్నొకటి చూసుకుంటే, మనకి కనపడని వెలుతురులో మాట్లాడుకుంటాయట.

"కనపడని ఎలుతురేటమ్మా?" అన్నాను.

"టీవీ రిమోట్‌లో ఉండేదే బాబాయ్. పరారుణ కిరణాలు."

"మా అక్క నీ ఈపు ఎనకాల సేసే సైగల్లాటివి బావా" అన్నాడు డ్రైవరు. "నీకు తప్ప అందరికీ తెలుస్తాయి."

గొట్టం తీగ బోరు మూతకే బిగించి ఉండడంతో వరండాలోకి తీసుకెళ్ళే వీలు లేక, బడి బల్ల ఎండలోకి తెచ్చి దాని మీద ల్యాప్‌టాప్ పెట్టింది. ముక్క గుచ్చింది. కంప్యూటరు టింగుమంది. ప్రోగ్రాము తెరిచింది. పరికరం దొరకలేదంది. ముక్క పీకి మళ్ళీ గుచ్చింది. టింగు. దొరకలేదు. నా మొహం వెలిగిపోతోందేమోనని తువ్వాలుతో తుడుచుకున్నాను.

ఆవిడ విసుక్కోకుండా నాకు విడమరిచి చెప్పింది. ఈ ప్రోగ్రాము పాతకాలంది. దానికి సీరియల్ పోర్టు అనే పాత వాకిలి తప్ప ఇంకో దారి తెలియదు. ఈ ముక్క వచ్చేది యూఎస్‌బీ అనే కొత్త వాకిట్లోంచి. అందుకని కంప్యూటరు దీన్ని పాత వాకిలి అని నమ్మేలా చేయాలి. దానికో సీడీ ఉంది. ఆ సీడీ ఎక్కించింది. (ఎక్కడానికి అరగంట పట్టింది. ఈలోగా నేను రెండుసార్లు కొబ్బరి నీళ్ళు ఇప్పించి, "ఎండ మండిపోతంది తల్లీ, మరోనాడు సూసుకుందాం" అని ప్రేమగా అన్నాను. అంత ప్రేమ నేను మా ఆవిడ మీద కూడా చూపించి ఎరగను.)

సీడీ ఎక్కాక కూడా దొరకలేదు. అప్పుడామె ఆఫీసులో కంప్యూటర్లు తెలిసినాయనకి ఫోన్ చేయడానికి, సిగ్నలు కోసం బడి గేటు దాకా వెళ్ళింది. నన్ను బల్ల దగ్గర కూర్చోబెట్టి, తెర మీద ఒక వరస చూపించి, "దీని చివర బ్రాకెట్లో ఒక అంకె వస్తుంది. అరిచి చెప్పు" అంది. కాసేపటికి గేటు దగ్గర్నుంచి కేక: "బాబాయ్! ఎంతుంది?"

మీరే చెప్పండి. నోరు మూసుకుంటే చాలు. కళ్ళజోడు ఇంటి దగ్గర మర్చిపోయానంటే చాలు. కానీ నా ఎదురుగా అంకె ఉంది, అది నాకు తెలుసు, జీవితంలో మొదటిసారి ఒక ఇంజినీరు నన్ను చదివి చెప్పమంటోంది. లేచి నిలబడి, ఊరంతా వినేట్టు "ఏడమ్మా! ఏడూ!" అని అరిచాను. అరిచాక కూర్చుని నా తొడ నేనే గిల్లుకున్నాను.

అదీ తిరకాసు. ఆ ప్రోగ్రాముకి నాలుగు వాకిళ్ళ దాకానే తెలుసు, కంప్యూటరేమో ముక్కకి ఏడో వాకిలి ఇచ్చింది. ఆమె వచ్చి ఏడుని మూడు చేసింది. ప్రోగ్రాములో మూడు ఎంచింది. ఈసారి "దొరికింది" అని వచ్చి, మరుక్షణం "తెగిపోయింది" అంది. మళ్ళీ దొరికింది. మళ్ళీ తెగింది. కొత్తగా పెళ్ళయిన జంటలాగా చూపులు కలవడం, తిప్పుకోవడం. ఇంజినీరమ్మ చెమటలు కక్కుతూ రెండు కళ్ళనీ దగ్గర చేసింది, దూరం జరిపింది, కింద పలక ముక్క పెట్టి ఎత్తు సరిచేసింది.

నాకు భయం పట్టుకుంది. ఏదో ఒక క్షణంలో ఇది అతుక్కుంటుంది. అడ్డం పెట్టాలి. కళ్ళ మీద గుడ్డ కప్పితే ఏ కళ్ళు చూస్తాయి? భుజం మీది తువ్వాలు తీసి, "ఎండకి కంప్యూటరు కాలిపోతాది తల్లీ" అంటూ గొట్టం మీదా ముక్క మీదా కలిపి ముసుగు వేసేశాను.

అంతే. ఇక తెగలేదు.

"బాబాయ్!" అని ఎగిరి గంతేసింది ఆ పిల్ల. "ఎండే అడ్డం! ఎండలో కూడా అవే కిరణాలుంటాయి, వీటి మాట వీటికి వినపడలేదు. నువ్వు నీడ పెట్టావు! ఎలా తెలిసింది నీకు?"

"మా బావంటే ఏటనుకున్నారు" అన్నాడు డ్రైవరు.

నా తువ్వాలు కింద నా ఉద్యోగం పోతోంది.

తెర మీద పచ్చ గీత పాకుతూ వచ్చింది. కాసేపు పోయాక ఆవిడ నా పుస్తకం తెరిచి పక్కన పెట్టుకుంది. వేలు పెట్టి చూస్తూ, "సరిపోయింది... సరిపోయింది... భలే రాశావు బాబాయ్, చక్కటి దస్తూరీ" అంటూ వచ్చి, పెళ్ళి దగ్గర ఆగింది. పుస్తకంలో నీళ్ళు రోజుకి రెండు వేళ్ళు దిగుతున్నాయి. తెర మీద గీత మాత్రం మూపురంలా పైకి లేచింది. మూడు రోజులు పైకి, తర్వాత మెల్లగా కిందకి.

"ఇదేమిటి? వాన పడిందా?"

"నేదమ్మా."

"మరి నీళ్ళెలా పెరిగాయి?"

డ్రైవరు తొంగి చూసి లెక్క కట్టి పకపకా నవ్వాడు. "కొత్తవలస పెళ్ళమ్మా! ఊరంతా అక్కడే. నానూ ఎల్నాను. ఒక్క మోటారు ఆడ్నేదు. ఊరు కదిలితే ఈళ్ళు ట్రాన్స్‌ఫార్మర్ కాడ ఫ్యూజులు పీకీసి మరీ ఎల్తారు, మోటార్లు కాలిపోతాయని. ఆ ఫ్యూజులు పీకినోడెవరనుకున్నారు? ఈ బావే!"

నిజమే. నా చేత్తోనే పీకాను. ఊరి మోటార్లన్నీ ఆపి, భూమికి మూడు రోజులు సెలవిచ్చి, నీళ్ళు మాత్రం దిగిపోతున్నాయని కొత్తవలసలో కూర్చుని రాశాను.

"నాలుగో రోజు ఊళ్ళోనే ఉన్నావుగా బాబాయ్? ఇదీ తప్పే రాసుంది. ఐదో రోజు నుంచి మళ్ళీ సరిపోయింది."

ఇక దాచలేదు. "టేపు దించినాను తల్లీ. నీలు పైనున్నాయి. నా రాతకి సరిపడ్నేదు. టేపు పాడయిపోనాదనుకున్నాను. రాతనే నమ్మినాను."

ఆమె ఆ గళ్ళ మీద వేలు పెట్టి చూపించింది. "రాయకుండా వదిలేస్తే ఏం పోయేది?"

"ఖాళీ గడి సూళ్ళేనమ్మా. నలభై తొమ్మిదేళ్ళు అన్నీ ఖాళీయే గదా."

డ్రైవరు నవ్వడం మానేశాడు. ఇంజినీరమ్మ పుస్తకం మూసింది. సంచిలో పెడుతుందనుకున్నాను. మళ్ళీ తెరిచి, ఎర్ర పెన్నుతో ఆ నాలుగు అంకెలూ కొట్టేసి, పెన్ను నా చేతికిచ్చింది. "పక్కన నిజం రాయి బాబాయ్. మొదటి మూడింటికీ 'చూడలేదు' అని రాయి."

రాశాను. ఒక్కో గడిలో ఇరికించి, మూడుసార్లు. నాలుగోదాని దగ్గర ఆగాను. "దీన్నేటి రాయమంటావమ్మా? సూసినాను గదా."

"ఏం జరిగిందో అదే రాయి."

'చూశాను. నమ్మలేదు' అని రాశాను. ఆమె దాని కింద సంతకం పెట్టి, పుస్తకం నాకే ఇచ్చి, జీపెక్కి వెళ్ళిపోయింది.

ఆ పుస్తకం నిండాక ఆఫీసువాళ్ళు పట్టుకెళ్ళారు. ఏ బీరువాలో ఉందో. ఎప్పుడో ఎవరో బుద్ధిమంతుడు దాన్ని తెరిచి, అన్ని అంకెల మధ్య ఆ ఎర్ర మాటలు చూసి, ఎవడీ వెర్రివాడు అనుకుంటాడు. అనుకోనీండి. తరవాత నేను వేలకొద్దీ అంకెలు రాశాను, ఒక్కటీ గుర్తు లేదు. జ్వరమొచ్చి పడుకున్న రోజు మా ఆవిడ చేత పుస్తకం తెప్పించుకుని 'చూడలేదు' అని రాసి, దిండు కింద పెట్టుకుని ఒళ్ళెరగకుండా నిద్రపోవడం మాత్రం బాగా గుర్తు.