నల్లగుడ్డ మీద దూదిపోగు

2022 శీతకాలం. ఆదోనిలో భౌతికశాస్త్ర అధ్యాపకుడిగా పదవీ విరమణ చేశాక, గోనెగండ్ల చేలల్లో పది అంగుళాల టెలిస్కోపు నిలిపి ఊరివారికి ఆకాశం చూపించేవాణ్ణి. ఎవరు, ఎన్ని గంటలకు, ఏమి చూశారో రిజిస్టరులో రాసేవాణ్ణి. చూడడానికి వచ్చినవారు ముందుగా ఫోన్లు గోనెసంచిలో వేయాలి. చీకటికి కన్ను అలవాటు పడడానికి అరగంట కావాలి; దాన్నే డార్క్ అడాప్టేషన్ అంటారు.

ఆ సాయంత్రం దక్షిణాన ఒక మసక బార్డ్ స్పైరల్ గెలాక్సీకి గురిపెట్టాను. దాని నడుమ నక్షత్రాల అడ్డుపట్టీ, పట్టీ కొసల నుంచి వంపు తిరిగిన చేతులు ఉంటాయి. మా టెలిస్కోపులో అది చాలామందికి పొగమచ్చే.

ఆదోని మార్కెట్టులో ముప్పై ఏళ్లుగా పత్తి నాణ్యత తేల్చే వీరన్న చాలాసేపు చూశాడు.

"సారూ, నడిమిట్ల సన్నగా పోగొకటి అడ్డం పడుండాది. నేరుగా చూస్తే మాయమైతాది, పక్కకు చూస్తే వస్తాది."

ఆ వాలుచూపు నేను నేర్పింది కాదు. నల్లగుడ్డ మీద దూదిపీచు పరచి పొడవు తేల్చే కన్ను అది. ఆ పోగు ఎటు వాలిందో కాగితం మీద ఆయన చేతనే గీత గీయించాను.

మా ఆకాశ దర్శనం మీద నివేదిక రాయడానికి వచ్చిన ఒక ఆచార్యులు అంతసేపూ ఫోనులో అదే గెలాక్సీ రంగుల బొమ్మ చూస్తున్నారు. ఫోను జేబులో వేసి, వెంటనే వంగి చూశారు.

"ఏమీ లేదు. ఇతను ఎక్కడో బొమ్మ చూసి చెబుతున్నాడు."

"ఆ వెలుతురంతా కండ్లలో నింపుకొని వచ్చినావు సామీ, ఈడ ఇంకేం కనపడతాది? నా కన్ను అబద్ధమంటే రేపు మార్కెట్టులో నా మాట ఎవరు వింటారు?"

అరగంట ఆగమని ప్రార్థించాను. కారు ఎక్కి వెళ్లిపోయారు. నివేదికలో వీరన్న చూసినది 'కల్పన' అయింది. రిజిస్టరు నకలు జతచేసి ఆచార్యులకు రెండు ఉత్తరాలు రాశాను, జవాబు లేదు. అరగంట ఓపిక లేని మనిషికి ముప్పై ఏళ్ల చూపును కొట్టివేసే అధికారం ఎవరిచ్చారు?

ఆ మాట ఆదోనికి పాకి మార్కెట్టులో ఎగతాళి మొదలైంది. "చుక్కల వీరన్నా, మా పత్తి బోరెంలో ఏం కనపడతాండాదప్పా?"

గెలాక్సీ ఛాయాచిత్రం తీసుకుని వెళ్లి, వీరన్న నల్లగుడ్డ మీదే ఆయన గీత పక్కన పరిచాను. రెండింటి వాలూ ఒకటే. ఎగతాళి చేసిన రైతు కాసేపు చూసి, తన బోరెం విప్పాడు. "నాది చూసి చెప్పన్నా."

నా కోపంలో కొంత భాగం నాకే చెందుతుంది. అందరి ఫోన్లూ సంచిలో వేయించి, హోదాకు జంకి ఆచార్యుల ఫోను మాత్రం అడగలేదు. ఇప్పుడు రిజిస్టరులో ఒక గడి పెంచాను: 'చూసే ముందు అరగంట కన్ను ఎక్కడుంది?' వీరన్న పేరుకు ఎదురుగా 'చీకటిలో' అని, ఆచార్యుల పేరుకు ఎదురుగా 'ఫోనులో' అని రాశాను.