ఉప్పు బోరు నీళ్లు

నాలుగేళ్లుగా ఒక ఇనుప ముక్కను దాచుకుని తిరుగుతున్నాను. జానెడు పొడవు, మూడు వేళ్ల వెడల్పు, కిలో కూడా తూగదు. గది మారినప్పుడల్లా బట్టల కంటే ముందు దాన్నే సర్దుకుంటాను. ఏడాదికోసారి బయటికి తీసి, గ్రీజు రాసి, పాలిథిన్ కవర్లో చుట్టి మళ్లీ పెట్టె అడుగున పెడతాను. ఇన్నాళ్లలో దానికి చుక్క తుప్పు పట్టలేదు. ఆ శ్రద్ధ ముందే చూపించి ఉంటే మీకు ఇది రాయాల్సిన పని ఉండేది కాదు.

మాది భావనపాడు. వేట మీద బతికే ఇల్లు. శ్రీకాకుళంలో మెకానికల్ డిప్లొమా పూర్తయ్యాక, ఉద్యోగం దొరికేలోపు ఏడాది పాటు ఊళ్లోనే ఉన్నాను. అంతకు కొంచెం ముందు మా వీధిలో పది కుటుంబాలు కలిసి ఒక ట్రాక్టరు, బోటును మోసే ఒక ట్రాలీ కొనుక్కున్నాయి. అదివరకు ఇరవై మంది తాళ్లు కట్టి లాగే బోటును ఇప్పుడు ట్రాలీ అలల్లోకి దిగి ఎక్కించుకుంటుంది, ట్రాక్టరు గట్టు మీదికి లాగుతుంది. సుఖమే. కాకపోతే రోజూ ట్రాలీ ఇరుసు, చక్రాలు, బరువును మోసే కమాన్ కట్టలు ఉప్పునీటిలో మునుగుతాయి. కమాన్ కట్ట అంటే ఒకదాని కింద ఒకటి పేర్చి బిగించిన ఉక్కు పట్టీలు. వాటి సందుల్లోకి చేరిన ఉప్పునీరు ఎండకు ఆరిపోదు. నీరు ఆరినా ఉప్పు పోదు. లోపల కూర్చుని తింటుంది.

ఈ సంగతి తెలిసినవాణ్ని నేనొక్కణ్నే కాబట్టి ట్రాలీ బాగోగులు నాకు అప్పగించారు. నేను నోటుబుక్కులో గళ్లు గీశాను. నీళ్లలోంచి వచ్చిన గంటలోపు మంచినీళ్లతో కడగాలి. పట్టీల సందుల్లోకి నీళ్లు కొట్టాలి. ఆరాక వాడిన ఇంజనాయిలు పూయాలి. వారానికోసారి బోల్టులకు గ్రీజు, నెలకోసారి వైరు బ్రష్షు. చేసిన ప్రతి పనికీ ఒక టిక్కు.

ట్రాక్టరు తోలేది అప్పన్న మావ. వరసకే మావ, కానీ చిన్నప్పటి నుంచీ నన్ను అల్లుడనే పిలిచేవాడు. నా నోటుబుక్కు చూసి నవ్వేవాడు. "ఒరే అల్లుడూ, సముద్రానికి కూడా ఓ కాయితం రాసిచ్చీ. ఉప్పు తగ్గించుకుంటాదేమో సూద్దాం."

మంచినీళ్ల కుళాయి ఊరి మధ్యలో ఉంది. ఒకసారి కడగడానికి ఎనిమిది క్యాన్లు మోయాలి. ట్రాలీ నిలిపే చోట, పది అడుగుల దూరంలో ఉప్పు బోరు ఉంది. వలలు, కాళ్లు, వంటపాత్రలు కూడా మావాళ్లు ఆ నీళ్లతోనే కడుగుతారు. రోజంతా సముద్రంలో ఉండి వచ్చినవాళ్ల నాలుకకు ఆ నీళ్లు తియ్యగానే ఉంటాయి. ఉప్పు బోరు అని పిలుస్తూనే, అందులో ఉప్పు ఉందని ఎవరూ అనుకోరు. నేను అనుకోవాలి. కాలేజీ ల్యాబులో ఇలాంటి నీళ్లనే పరీక్షించి మార్కులు తెచ్చుకున్నవాణ్ని. పదిహేను రోజులు క్యాన్లు మోశాను. పదహారో రోజు భుజం నొప్పి. ఈ ఒక్క రోజుకే అనుకుని బోరు కొట్టాను. "మంచినీళ్లు" అన్న గడిలో టిక్కు పెట్టాను. మర్నాడు నొప్పి లేదు. అయినా బోరు దగ్గరికే వెళ్లాను. ఎందుకు? ఎంత తవ్వుకున్నా ఇంతకంటే గొప్ప కారణం దొరకడం లేదు: దగ్గరగా ఉంది, ఎవరూ అడగరు.

వేసవిలో వేట ఆపిన రెండు నెలలూ ట్రాలీ ఇసుకలో ఉంది. మళ్లీ వేటకు వెళ్లే రోజు ముందు సాయంత్రం వైరు బ్రష్షు పట్టుకుని కిందికి దూరాను. కుడివైపు కమాన్‌లో పై పట్టీ మీద, బోల్టు పక్కన, వెంట్రుకంత గీత. మేకుతో గీకితే తుప్పు పొరలు పొరలుగా రాలింది. అది గీత కాదు, పగులు.

ఏం చెయ్యాలో తెలుసు. కట్ట విప్పి, టెక్కలి నుంచి కొత్త పట్టీ తెచ్చి వెయ్యాలి. రెండు రోజుల పని. కానీ కట్ట విప్పితే నెలల తుప్పు అందరి ముందూ బయటపడుతుంది. పక్కనే నా టిక్కులుంటాయి. నేను పట్టీ గురించి భయపడలేదు. టిక్కుల గురించి భయపడ్డాను. నల్లరంగు డబ్బా తెచ్చి రెండు పూతలు వేశాను.

మొదటి వేట ఉదయం మా దగ్గర బోటుకు, వలలకు పసుపు రాసి బొట్లు పెడతారు. ట్రాలీ వచ్చాక దానికీ పెడుతున్నారు. మొదటి చేప ఒడ్డుకు చేరేదాకా ఆ పసుపును కడగకూడదు, గీకకూడదు. మా అమ్మ వంగి కుడి కమాన్ మీద, సరిగ్గా నా రంగు మీద, మూడు వేళ్లతో పసుపు రాసింది. ఇక దాన్ని ఎవరూ ముట్టుకోరు. ఆ సంగతి ముందే లెక్కవేసుకున్నానా? చాలాకాలం లేదనే చెప్పుకున్నాను. వేసుకున్నాను.

మధ్యాహ్నం బోటు నిండుగా వచ్చింది. సగం గట్టు ఎక్కాక ఫట్‌మని ఒక శబ్దం. ట్రాలీ కుడివైపుకు కూలింది. బోటు జారి ఇరుసు అంచు మీద పడి, దాని అడుగుభాగం బారెడు పొడవున చీలింది. దాని కింద ఎవరూ లేరు. ఎవరూ లేకపోవడంలో నా గొప్ప ఏమీ లేదు.

అందరూ బోటు చుట్టూ చేరారు. నేను పట్టీ దగ్గరికి వెళ్లాను. విరిగిన చోట సగం నల్లగా, సగం వెండిలా మెరుస్తూ ఉంది. నల్లటి సగం పాత పగులు. మెరిసేది ఇప్పుడు తెగింది. అది చదవగలిగినవాణ్ని ఆ ఒడ్డున నేనొక్కణ్నే. విరిగి వేలాడుతున్న ముక్కను తీసి లుంగీలో చుట్టుకున్నాను.

అప్పన్న మావ ఇసుక దిబ్బ దగ్గర ఎక్సలేటరు తొక్కాడని ఎవరో అన్నారు. ఎవరు తోలినా అక్కడ తొక్కాలి. సాయంత్రానికి ఆ మాట "తాగి తోలాడు" దాకా వెళ్లింది. ఊరి పెద్ద పోలయ్య తాత అందరినీ కూర్చోబెట్టాడు.

"అప్పన్నా, ఇసురుగా తోలినావంటన్నారు. నువ్వేటంటావు?"

"రోజూ తోలినట్టే తోలినాను పెద్దయ్యా. కమాన్‌కే ఏదో అయ్యుంటాది. అల్లుణ్ని అడగండి, ఆడికి తెలుస్తాది."

పోలయ్య తాత నా వైపు తిరిగాడు. "ఏరా, కమాన్ బాగున్నాదా? నువ్వే కదేటి సూసినోడివి."

నేను నోటుబుక్కు ఇచ్చాను. "అంతా ఇందులో ఉన్నాది తాతా. రోజూ కడిగినాను."

తాతకు చదువు రాదు. అయినా పేజీలు తిప్పి, టిక్కుల వరస మీద పైనుంచి కిందికి వేలు నడిపాడు. "సదువుకున్నోడు రాసినాడు. ఇంకేటి సెప్తాం?" అని పుస్తకం నాకు తిరిగి ఇచ్చేశాడు.

అప్పన్న మావ నా వైపు చూశాడు. ఆ చూపులో అనుమానం లేదు. ఉంటే బాగుండేది. "అల్లుడు రాసినాడంటే నిజమే అయ్యుంటాది," అన్నాడు. ట్రాక్టరు తాళం చెవి తీసి తాత ముందు పెట్టాడు. రెండు నెలలకు ఊరు విడిచి వెళ్లాడు.

ఇప్పుడు నేను విజయనగరం దగ్గర ఒక ఫ్యాక్టరీలో పని చేస్తున్నాను. వేరేవాళ్లు పెట్టిన టిక్కుల కింద సంతకం పెట్టడం నా ఉద్యోగం. పోయిన నెల పని మీద చీపురుపల్లి వెళ్లి, స్టేషన్ బయట ఆటో ఎక్కాను. తోలుతున్నది అప్పన్న మావ. గుర్తుపట్టి ముందు సీట్లో పక్కన కూర్చోబెట్టుకున్నాడు. రోడ్డు ఖాళీగా ఉంది. అయినా ఆటో సైకిల్ కంటే నెమ్మదిగా వెళ్తోంది. వెనక కూరగాయల బుట్టతో ఉన్నావిడ ఊరుకోలేదు. "ఏటి బావూ, దిగి నడిసెల్తే ఈపాటికి కూరొండేద్దును."

మావ నవ్వాడు. తర్వాత నాకు మాత్రమే వినబడేలా అన్నాడు. "ఆ రోజు ఎక్కువే తొక్కేసుంటాను అల్లుడూ. అప్పుడు తెలీలేదు. తలుసుకుంటే ఇప్పుడు కాలికి తెలుస్తన్నాది."

తొక్కలేదు మావా అనాలి. నోరు తెరిచాను. నేను దిగాల్సిన వీధి వచ్చింది. దిగిపోయాను.

మనిషి చేతిలోంచి పనిని లాగేయడం ఒకటి. అతని కాలి మీద అతనికే నమ్మకం లేకుండా చేయడం ఇంకొకటి. మొదటిది మాత్రమే చేశాననుకుంటూ నాలుగేళ్లు గడిపాను.

నిన్న పాత నోటుబుక్కు తీశాను. బోరు నీళ్లు వాడిన ప్రతి రోజు టిక్కునూ కొట్టేసి, పక్కన "ఉప్పు బోరు" అని రాశాను. నూట పన్నెండు సార్లు. చెయ్యి నొప్పి పుట్టింది. ఆపలేదు. ఇనుప ముక్క మీద గ్రీజు తుడిచేశాను. ఆదివారం రెండింటినీ చీపురుపల్లి తీసుకెళ్లి ముందు మావకు ఇవ్వాలి, ఆ తర్వాత భావనపాడులో తాత ముందు పెట్టాలి. మావ నన్ను మళ్లీ అల్లుడని పిలవకపోవచ్చు. పిలవాలని అడిగే హక్కు నాకు లేదు. మీరు క్షమించినా చాలదు, క్షమించాల్సింది అతను. అయినా ఈ మాటలు ఒకరి ముందు పెట్టాక, చాలా రోజులకు ఊపిరి అడుగు దాకా వెళ్లినట్టుంది.

నోటుబుక్కు చివరి పేజీలో, ట్రాలీ కూలిన రోజు తేదీ కింద ఒక గడి ఖాళీగా ఉండిపోయింది. అందులో ఇలా రాశాను. అప్పన్న మావ బండి రోజూ తోలినట్టే తోలాడు. కమాన్ అంతకుముందే పగిలింది. నేను చూశాను. చూసి రంగు వేశాను.