ముఖం తీసేయని స్కాన్

ఎమ్మారై యంత్రం మోత మొదలవగానే నరసరావుపేటలోని మా స్కానింగ్ సెంటర్ తలుపులు సన్నగా అదురుతాయి. కొత్తగా వచ్చినవాళ్ళు ఉలిక్కిపడతారు. నాకు మాత్రం సువార్తమ్మ మేడమ్ గుర్తొస్తారు. నాకీ పని నేర్పిన మనిషి. సొంతూరు కారంపూడి, నోరు మహా కటువు. తప్పు చేస్తే, "జనం బుర్రలన్నీ చూస్తన్నావు, నీ బుర్ర ఏడ పెట్టొచ్చావే?" అనేవారు. నాకు ఒళ్ళు మండేది.

మెదడు జబ్బులను అర్థం చేసుకోవడానికి చాలా దేశాలు కలిసి స్కాన్లను ఒకచోట చేరుస్తున్నాయి. మన దేశం తరఫున పంపే కేంద్రాల్లో మాదీ ఒకటి. పంపేముందు పేరు తీసేస్తాం. ముఖమూ తీసేస్తాం. తల స్కాన్‌లోంచి ముఖాన్ని మళ్ళీ తయారుచేయవచ్చు, దాన్నిబట్టి మనిషెవరో గుర్తుపట్టేయవచ్చు. "మనోళ్ళ స్కాన్లు అందులో లేకపోతే మన జబ్బుల్ని కూడా పరాయి దేశపోళ్ళ తలలు చూసే తేలుస్తారు" అని మేడమ్ బాధ. అందుకే ఒక్కో స్కాన్‌కూ ఆ మనిషినో, ఇంటివాళ్ళనో పిలిపించి అనుమతి అడిగేవారు.

దుర్గిలో రాతి విగ్రహాలు చెక్కే ఏడుకొండలు అలాగే వచ్చాడు. అరుదైన మూర్ఛ జబ్బుతో అతని కూతురు పోయి ఏడాది కాలేదు. అలాంటి స్కాన్ మాకు దొరికింది అదొక్కటే. సంతకం పెట్టబోతుంటే ముఖం సంగతి చెప్పాను. కలం ఆగిపోయింది.

"మొహం తీసేస్తారా? అంటే, నా బిడ్డ మొహం మీ కాడ ఉందా?"

ఉందన్నాను.

"ఒక్కసారి చూపియ్యమ్మా."

కుదరదు, నిబంధన ఒప్పుకోదు అంటుంటే మేడమ్ కసిరారు. "ఆ రూలు బయటోళ్ళ కోసం. ఈయన కన్నతండ్రి. చూపియ్యి."

తెరమీద ముఖం తేలింది. జుట్టు లేదు, రంగు లేదు, కళ్ళు మూసి ఉన్నాయి. ఏడుకొండలు తెరకు దగ్గరగా వంగాడు. "ఫోన్లో అన్నీ నవ్వే ఫోటోలే. ఇది నిద్రపోతన్నట్టుంది," అన్నాడు. కలం బల్లమీద పెట్టేశాడు. "మీరు చేసేది మంచి పనేనమ్మా. కానీ దీని మొహం తీయొద్దు. నావల్ల కాదు."

"సరేలే అన్నా," అన్నారు మేడమ్. అంతే.

అతను వెళ్ళాక నేను ఊరుకోలేదు. "చూపించకపోతే సంతకం పెట్టేవాడు కదా మేడమ్!"

"పెట్టేవాడే. వద్దనే వీలు లేనప్పుడు అడగటం దేనికే, ఊరికే తలూపించుకోటానికా?"

ఆ స్కాన్ ఏదని పై ఆఫీసువాళ్ళు ఫోన్లో ఆవిడను దులిపేశారు. నా ఎదుటే ఆ మాటలన్నీ పడ్డారు.

మొన్న వేసవిలో మేడమ్ పోయారు. ఆ కుర్చీలో ఇప్పుడు నేనున్నాను. ముఖం సంగతి అందరికీ ముందే చెబుతాను. కొందరు లేచి వెళ్ళిపోతారు, పైవాళ్ళ చీవాట్లు నాకు. ఏడుకొండలు కూతురి స్కాన్ ఏ దేశమూ వెళ్ళలేదు. నరసరావుపేట వచ్చినప్పుడల్లా అతను మా దగ్గరికి వస్తాడు. నేనేమీ అడగను. ఆ ముఖం తెరిచిపెట్టి, గది బయటికి వచ్చి నిలబడతాను.