పాదాలు కడిగిన ఆదివారం

రేపల్లెలో మేమున్న ఇంట్లో ఎవరూ ఎవరినీ గట్టిగా ఒక మాట అనరు. మొదట్లో అది నాకు స్వర్గంలా తోచింది. రెండేళ్ళు తిరిగేసరికి, ఒక్కరైనా నన్ను నోరారా తిడితే బాగుండునని ఉండేది.

మాది మెన్నోనైట్ అనే క్రైస్తవ సంఘంవాళ్ళు సేవకు వచ్చినవారి కోసం నడిపే ఇల్లు. చర్చి వెనక మేడ, ఆరుగురు ఆడవాళ్ళం, ఒకే వంట, ఒకే బీరువా, ఒకే స్కూటీ. చుట్టుపక్కల ఊళ్ళలో మంచాన పడ్డ ముసలివాళ్ళకు స్నానాలు చేయించడం, పుళ్ళు కడిగి కట్టు కట్టడం, వేళకు మందులు మింగించడం మా పని. బాపట్లలో మా నాన్న కనబడ్డవాళ్ళందరికీ చెప్పుకుని మురిసిపోతూ నన్ను పంపారు. రెండేళ్ళకని వచ్చాను. ఆ రెండేళ్ళూ అయిపోయి మరో ఐదు నెలలు దాటింది.

వెళ్ళిపోతానని చెప్పలేదా అంటే, మూడుసార్లు చెప్పాను. గురువారం సాయంత్రం అందరం చాపల మీద గుండ్రంగా కూర్చుంటాం. చిన్న పనైనా అందరూ సరే అన్నాకే జరగాలి. నేను చెప్పిన ప్రతిసారీ ఎంతో ప్రేమగా విన్నారు, తలలు ఊపారు, "ప్రార్థన చేద్దామమ్మా" అన్నారు. మాట వచ్చే వారానికి పోయింది. వద్దంటే పోట్లాడొచ్చు. వీళ్ళు వద్దనరు. మెత్తటి పరుపులో కూరుకుపోయిన మనిషి లేవడానికి దేన్ని పట్టుకుంటుంది?

చివరికి మందులు కొనే వంకతో తెనాలి వెళ్ళి, ఒక బడిలో లెక్కల టీచరు ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఇచ్చి వచ్చాను. వాళ్ళు రమ్మన్నారు. వచ్చే సోమవారం చేరకపోతే ఇంకొకరిని తీసుకుంటామన్నారు. అబద్ధమాడి వచ్చానన్న సిగ్గు ఒకపక్క, సంతోషం ఒకపక్క. తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చుని ఏడ్చేశాను.

ఆ సోమవారానికి ముందురోజు చర్చిలో బల్లారాధన, ప్రభువు పేర రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆదివారం. మా సంఘంలో రొట్టె విరవడానికి ముందు ఒకరి పాదాలు ఒకరు కడగాలి. మగవాళ్ళు హాల్లో, ఆడవాళ్ళం పక్కగదిలో. ఎవరి మీద మనసు కష్టంగా ఉందో వాళ్ళతోనే జతపడాలి. నేను మా ఇంటిని నడిపే అక్కగారి ఎదుట కూర్చున్నాను. అరవై దాటిన మనిషి. ఇరవయ్యేళ్ళుగా ఆ ఇల్లే ఆవిడ లోకం. ఆవిడ పాదాలు తుడుస్తూ చెప్పేద్దామనుకున్నాను: అక్కగారూ, రేపు తెనాలిలో చేరుతున్నానండి. అంతే. పొద్దుటినుంచి వల్లించుకున్నాను.

కానీ ముందు తనే కడుగుతానన్నారు ఆవిడ. మోకాళ్ళ నొప్పులు. స్టూలు పట్టుకుని ఆయాసపడుతూ నేల మీదికి దిగారు. పొరపాటున పెద్దవాళ్ళకు కాలు తగిలితేనే బిక్కచచ్చిపోయే పెంపకం నాది. అమ్మ కంటే పెద్దావిడ నా పగిలిన మడమను అరచేతిలోకి తీసుకుని గోరువెచ్చని నీళ్ళు పోస్తుంటే ఒళ్ళంతా ముడుచుకుపోయింది. కాలు వెనక్కి లాక్కోబోయాను. వదల్లేదు.

"ఇంకో ఏడాది ఉంటావా, అమ్మాయ్? నువ్వుంటే నాకు ధైర్యం," అన్నారు, తలెత్తకుండానే.

"ఉంటానండి," అన్నాను.

పక్కన ఎవరో విని "స్తోత్రం" అన్నారు. మావాళ్ళు ఒట్టు వేయరు. కోర్టులో కూడా వేయరు. ఒకసారి అవునన్నాక ఇక అది అవునే. వచ్చిన కొత్తలో ఆ పద్ధతి నాకెంత నచ్చిందో! ఆ రోజు మాత్రం, నా గొంతుతో నేనే తలుపుకు గడియ పెట్టుకున్నట్టయింది. నా వంతు వచ్చాక ఆవిడ పాదాలు ఎంత కోపంగా రుద్దానంటే, "మెల్లగా తల్లీ" అన్నారు.

సోమవారం పొద్దున్నే బడికి ఫోన్ చేసి రాలేనని చెప్పాను. ఇంకో ఏడాది ఉంటున్నానని చెబితే నాన్న సంతోషానికి పట్టపగ్గాల్లేవు. పదింటికి పెరట్లో కూర్చుని ముసలివాళ్ళ దుప్పట్లు ఉతుకుతున్నాను. అక్కగారు వచ్చి, పక్క బకెట్లో వాటిని జాడించడం మొదలుపెట్టారు. నాకు ఒళ్ళు మండిపోయింది. తెనాలి ఉద్యోగం సంగతి, మందుల వంకతో వెళ్ళిన సంగతి, అన్నీ చెప్పేశాను. ఆ ఇంట్లో ఎవరూ అరవనంతగా అరిచి చెప్పాను.

ఆవిడ చేతిలో దుప్పటి జారిపోయింది. "అయ్యో, ఉద్యోగం వచ్చిందని నాతో ఒక్క మాట అనకపోయావా! లే, చేతులు తుడుచుకో. ఇప్పుడే ఫోన్ చెయ్యి."

చేశాను. ఇంకొకావిడ అప్పటికే చేరి క్లాసులో ఉందట. తిరిగి వచ్చి బండ మీద కూలబడ్డాను.

"కాళ్ళు పట్టుకుని అడిగితే ఎలా కాదంటానండీ? ఒకవేళ కాదంటే ఏం చేసేవారు?"

ఆవిడ నా మొహంలోకి చూశారు. అలాంటి ప్రశ్న ఒకటుంటుందని కూడా ఆవిడకు తెలిసినట్టు లేదు.

"ఏం చేస్తానమ్మా? రెండో కాలు కూడా కడిగి, తుడిచి, పొద్దున్నే రైలెక్కించేదాన్ని."

అప్పటిదాకా నా కోపమంతా ఆవిడ మీదే ఉండేది. ఇక దాన్ని ఎవరి మీద పెట్టుకోవాలో తెలియలేదు. ఆవిడ దుప్పటి ఒక కొస అందించారు. పట్టుకుని, ఇద్దరం కలిసి పిండాం.