టెస్టరు మామయ్య ఓడెక్కిన వైనం

మా అమ్మకు ఒక్కగానొక్క అన్న. ఆయన చొక్కా జేబులో పెన్ను ఉండదు, దువ్వెన ఉండదు. కరెంటు తగిలితే వెలిగే పసుపు పిడి టెస్టరు ఉంటుంది. పెళ్ళి ఫోటోలో కూడా ఉంది. కొత్త కోటు జేబులోంచి తల బయటపెట్టి, పెళ్ళికూతురికంటే బుద్ధిగా కెమెరా వైపు చూస్తూ ఉంటుంది. కన్నవాళ్ళు పెట్టిన పేరు ఆయనకూ ఒకటి ఉండే ఉంటుంది గాని, వీధి మొత్తానికీ ఆయన టెస్టరు మామయ్యే.

నూలు మిల్లులో ముప్పై ఎనిమిదేళ్ళు కరెంటు పని చేశాడు. రిటైరైన రోజు మిల్లువాళ్ళు గోడగడియారం ఇస్తే, అది బ్యాటరీతో నడుస్తుందని తెలిసి చిన్నబుచ్చుకున్నాడు. ఎవరింటికైనా చుట్టపుచూపుగా వెళితే మంచినీళ్ళ గ్లాసు చేతికి రాకముందే గోడలు చూడటం మొదలుపెడతాడు. "ఈ ప్లగ్గు పాయింటు ఎవడు బిగించాడు?" అని గట్టిగా అడుగుతాడు. ఆ బిగించినవాడు సాధారణంగా ఇంటి యజమానే, ఎదురుగానే నిలబడి ఉంటాడు. మాకు చుట్టాల రాకపోకలు తగ్గడానికి అదొక కారణం.

ఆయన ఇంట్లో ప్లగ్గు పెట్టే హక్కు ఆయన ఒక్కడిదే. ముందు టెస్టరు రెండు రంధ్రాల్లోనూ పెట్టి చూస్తాడు. ఒకదాంట్లో వెలగాలి, రెండోదాంట్లో వెలగకూడదు. అప్పుడు ప్లగ్గు, ఆ తరువాత స్విచ్చు. ముప్పై ఆరేళ్ళ కాపురంలో మా అత్తయ్య గోడకు ప్లగ్గు పెట్టి ఎరగదు. ఆయన బజారుకు వెళితే మిక్సీ, ఇస్త్రీపెట్టె, అత్తయ్య ముగ్గురూ ఆయన కోసం ఎదురుచూస్తూ కూర్చుంటారు.

ఈ చాదస్తానికి ఒక కథ ఉంది, ఆయన చెప్పడు, అత్తయ్యే చెప్పింది. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది, నిచ్చెన మీదున్న జోడీపనివాడికి కింద స్విచ్చు ఆపి "చచ్చింది, పట్టుకో" అన్నాడట. తీగ చావలేదు. స్విచ్చును ఎవరో ప్రబుద్ధుడు తప్పుడు తీగలో వేశాడు. పట్టుకున్నవాడు నిచ్చెన మీంచి పడ్డాడు. ప్రాణం దక్కింది గాని, కుడిచేతి రెండు వేళ్ళు మళ్ళీ చాచలేకపోయాడు. ఆ జోడీపనివాడు మామయ్య పెళ్ళికొచ్చాడు, రిటైర్మెంటుకొచ్చాడు, ఒక్కనాడూ పల్లెత్తు మాట అనలేదు. నాలుగు తిట్టి ఉంటే మామయ్య బాగుపడేవాడేమో అంటుంది అత్తయ్య.

అత్తయ్య బళ్ళో భూగోళం చెప్పేది. ముప్పై ఏళ్ళు కర్ర పట్టుకుని పటం మీద నీలం రంగు చూపించింది గాని, ఆ నీలాన్ని కళ్ళారా చూసింది లేదు. పైగా మూడేళ్ళుగా ఆవిడకు నిద్రలో ఊపిరి ఆగి ఆగి వస్తోంది. అది తెలియకముందు మామయ్యే పక్కన మేలుకుని, ఆగినప్పుడల్లా భుజం తట్టేవాడు. అడిగితే "దాని గురకకు నిద్ర పట్టి చావడం లేదు" అనేవాడు. డాక్టరు టిఫిన్ డబ్బా అంత మిషను ఒకటి రాశాడు. దానికో గొట్టం, గొట్టం చివర ముక్కుకు మాస్కు. ఒక్క రాత్రి కూడా అది లేకుండా పడుకోవద్దని మరీ మరీ చెప్పాడు. ఈ పరిస్థితిలో ఆవిడ సముద్రం చూస్తానంది. ఐదు రోజుల ఓడ ప్రయాణానికి మా ముగ్గురికీ టికెట్లు తీసినదాన్ని నేను. అందుకు నేను తిన్న తిట్లు వేరే రాయాలి.

మామయ్య ఒప్పుకున్నాడు, ఒక షరతు మీద. మిషనుకు బోర్డు తాను చేసిస్తాడు. మూడు వారాలు సాయంత్రాలన్నీ వసారాలో కూర్చుని, ఈల వేసుకుంటూ, టేకు చెక్క మీద ఎక్స్‌టెన్షన్ బోర్డు చేశాడు. నాలుగు ప్లగ్గు పాయింట్లు, ఒక స్విచ్చు, ఎర్ర దీపం, లోపల పిడుగు పడ్డా మిషనుకు ఏమీ కాకుండా ఆపే ముక్క ఒకటి. పాలిష్ కూడా పెట్టాడు. అత్తయ్య పక్కన కూర్చుని చూస్తూ, అప్పుడప్పుడు "బాగుందండీ" అనేది.

ఆ బోర్డు ఓడలోకి పోలేదు. సామాన్లు తనిఖీ చేసేచోట కాపలా అధికారి దాన్ని పెట్టెలోంచి తీసి, పక్కనున్న పెద్ద ట్రేలో పడేశాడు. అందులో అప్పటికే ఇస్త్రీపెట్టెలు, నీళ్ళు కాచే కెటిళ్ళు, ఎవరివో నాసిరకం ప్లాస్టిక్ బోర్డులు నాలుగు ఉన్నాయి.

"ఇవి లోపలికి రానివ్వం సార్. దిగేటప్పుడు తీసుకోండి, ఇదిగో చీటీ."

మామయ్య ఒంటికాలి మీద లేచాడు. "దాన్ని తీసుకెళ్ళి ఆ చెత్తలో వేస్తావా? ఆ తెల్లదాని వైరు మందం చూడు! నా బోర్డు దాని పక్కనా?"

బోర్డు పోయినందుకు కాదు, దాన్ని ఎవరి సరసన కూర్చోబెట్టారన్నదే ఆయన బాధ. అధికారి పాపం మంచివాడు. బోర్డు తీసి ట్రే అంచున విడిగా పెట్టాడు. వెనక వరుస కట్టిన జనం మమ్మల్ని చూసిన చూపుకు నాకు తల కొట్టేసినట్టయింది. అత్తయ్య మాత్రం కిమ్మనలేదు. అది నేను అప్పుడే గమనించవలసింది.

మా గది ఐదో అంతస్తులో ఉంది. తలుపు తీస్తే ఒక మంచం, నేను పడుకోవడానికి ఒక సోఫా, అద్దం ముందు చిన్న బల్ల, ఆ చివర గుండ్రటి కిటికీ. ప్లగ్గు పాయింట్లు బల్ల దగ్గర మాత్రమే ఉన్నాయి. మంచం తలవైపు నుంచి అక్కడికి నాలుగు అడుగులు వేయాలి. మిషను వైరు అందులో సగం దూరం కూడా రాదు. అత్తయ్య పక్క మీద కూర్చుని చెప్పులు విప్పుకుంది. మామయ్య టెస్టరు తీశాడు.

ఎడమ రంధ్రంలో పెట్టాడు. వెలిగింది. కుడి రంధ్రంలో పెట్టాడు. అదీ వెలిగింది.

ఆయన మొహంలో రంగులు మారాయి. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ పెట్టాడు. మళ్ళీ రెండూ వెలిగాయి, కాస్త మసకగా. నేల మీద అలా వెలిగితే ఏమిటో కరెంటు పని తెలిసిన ఎవరైనా చెబుతారు: వెలగకూడని రంధ్రానికి వచ్చే న్యూట్రల్ తీగ ఎక్కడో తెగింది, వెంటనే మెయిన్ ఆపెయ్యాలి.

"న్యూట్రల్ పోయింది. గదికి కాదు, ఓడ మొత్తానికే పోయినట్టుంది. లేవండి, దిగిపోదాం" అన్నాడు.

గడియారం చూశాను. మూడున్నర. ఐదింటికి మెట్లు తీసేస్తారు, ఓడ కదులుతుంది.

"నేను దిగను," అంది అత్తయ్య.

"మిషను లేకుండా ఎలా పడుకుంటావే? ఇందులో పెడితే కాలిపోతుంది. పెట్టకపోతే నీ ఊపిరి ఏం కావాలి?"

"దిగను అన్నానుగా."

ఆయన ఇంక అక్కడ ఆగలేదు. వరండాలోకి పోయి ఎదురుగది తలుపు కొట్టాడు. అందులో చెవిమిషను పెట్టుకునే పెద్దాయన ఒకడున్నాడు. మామయ్య దూసుకుపోయి ప్లగ్గు పరీక్షించి, ప్రమాదం వివరించి, చార్జింగులో ఉన్న చెవిమిషన్లు పీకించాడు. అవి చెవుల్లో లేకపోవడంతో ఆయనకు ఆ వివరణ ఒక్క ముక్కా వినపడక, మామయ్యను ఓడవాడే అనుకుని తువ్వాళ్ళు అడిగాడు. తరువాత పక్కగది, ఆ పక్కగది. పావుగంటలో వరండా నిండా జనం, చేతుల్లో పీకిన ఫోన్లు. ఒకావిడ జుట్టు సగం ఆరబెట్టుకుని డ్రయ్యరు చేత్తో పట్టుకుని నిలబడింది. మా మామయ్య ఓడ పీకి పందిరేశాడు. నేను సోఫాలో మొహం దాచుకున్నాను.

నాలుగు దాటాక ఓడ ఎలక్ట్రీషియన్ వచ్చింది. అవును, ఆడమనిషి. ముప్పై ఏళ్ళుంటాయేమో, బరువైన బూట్లు, భుజాన సంచి. మామయ్య ఆవిడను ఎగాదిగా చూశాడు.

"అమ్మా, మీ పెద్దవాళ్ళను పంపించు. ఇది చిన్న విషయం కాదు."

"నా పైన చీఫ్ ఒక్కడే ఉన్నాడండీ, ఆయనకు మెట్లెక్కితే ఆయాసం," అంటూ ఆవిడ సంచిలోంచి మీటరు తీసి మామయ్య చేతిలోనే పెట్టింది. "మీరే చూడండి."

ఆయన చూశాడు. రెండు రంధ్రాల మధ్య కరెంటు నిండుగా ఉంది. ఎడమ రంధ్రానికీ ఎర్తు పిన్నుకీ మధ్య సగం. కుడి రంధ్రానికీ అంతే సగం. మూడుసార్లు చూశాడు. మూడుసార్లూ అదే.

"ఇంటి దగ్గర వచ్చే రెండు తీగల్లో ఒకదాన్ని భూమికి కట్టేస్తారు కదండీ. అందుకే మీ టెస్టరు ఒకదాంట్లోనే వెలుగుతుంది. ఇక్కడ భూమి ఏదీ? చుట్టూ ఇనుమే. రెండు తీగల్లో దేన్నీ ఆ ఇనుముకు కట్టం, అందుకే రెండూ సగం సగం వెలుగుతాయి. ఎక్కడైనా ఒకటి పొరపాటున తగిలినా దీపాలు ఆరిపోవు. కింద మాకు అలారం మోగుతుంది, వెతికి బాగుచేస్తాం. నడిసముద్రంలో ఫ్యూజు పోయి కూర్చుంటే ఎలాగండీ?"

మామయ్య గొంతు కాస్త తగ్గింది. "మరి నా బోర్డు ఎందుకు లాక్కున్నారు?"

"మీ బోర్డులో పిడుగు ఆపే ముక్క ఉందా?"

"లేకుండా ఎలా చేస్తాను?"

"అది తీగకీ ఎర్తుకీ మధ్య ఉంటుంది. ఇక్కడ ఎర్తంటే ఓడే. ఒక తీగ ఎక్కడో ఇనుముకు తగిలిందంటే, రెండో తీగ కరెంటంతా మీ ముక్క మీద పడుతుంది. కాగి కాగి అంటుకుంటుంది. ఇంట్లో మంటొస్తే వీధిలోకి పరిగెడతాం. ఇక్కడ ఎటు పోతాం?"

"స్విచ్చు పెట్టాను. ఆపేస్తే చచ్చి ఊరుకుంటుంది."

"స్విచ్చు ఒక తీగకే కదండీ బాబాయ్ గారూ. రెండోది బతికే ఉంటుంది."

మామయ్య సోఫాలో నా పక్కన కూలబడ్డాడు. కుడిచేతి రెండు వేళ్ళు తనకు తెలియకుండానే ముడుచుకున్నాడు. వాటి వైపే చూస్తున్నాడు. నాకు జాలేసింది. ఆయన మీద జాలి పడే రోజు వస్తుందని నేను అనుకోలేదు.

ఎలక్ట్రీషియన్‌కు ఆ నిచ్చెన కథ ఏమీ తెలియదు. సంచిలోంచి లావుపాటి నారింజ రంగు వైరు చుట్ట తీసింది. స్విచ్చు లేదు, దీపం లేదు, ఒక చివర ప్లగ్గు, రెండో చివర ఒకే ఒక్క పాయింటు. దానికి ఒక చీటీ కట్టి ఉంది.

"ఇది మీదేనా? ఈ గది నంబరే ఉంది, 'ఊపిరి మిషను' అని. ఎప్పుడో ఇవ్వాల్సింది. ఈ వరండాలో ఎవరో గొడవ చేస్తున్నారని ఫోన్ల మీద ఫోన్లొచ్చి ఆలస్యమైంది."

"మాదే," అంది అత్తయ్య. "నేనే రాశాను."

మామయ్య తలెత్తాడు. నేనూ ఎత్తాను, నాకూ తెలియదు మరి.

"టికెట్లతో వచ్చిన కాగితాల్లో అన్నీ ఉన్నాయి. బోర్డులు తేకూడదనీ, వైద్యానికి వాడే మిషన్లకు వైరు కావాలంటే ముందే చెప్పమనీ. నెల క్రితమే రాశాను. మిషనులో పోసే నీళ్ళు కూడా అడిగాను, అదిగో, అద్దం దగ్గర సీసా."

"నాకు చెప్పకుండానా?"

"చెబితే ఓడ ఎక్కనిచ్చేవారా?"

"మరి మూడు వారాలు నేను బోర్డు చేస్తుంటే చూస్తూ కూర్చున్నావే!"

"ఈల వేసుకుంటూ చేసుకుంటున్నారు. ఆపబుద్ధి కాలేదు." అత్తయ్య లేచి వైరు అందుకుంది. "ముప్పై ఆరేళ్ళు మీరొచ్చేదాకా ఆగాను. మిక్సీకి ఆగాను, ఇస్త్రీకి ఆగాను. సముద్రానికి ఆగలేను."

అలా అని బల్ల దగ్గరికి వెళ్ళి, ప్లగ్గు పెట్టింది. మొదటిసారి తలకిందులుగా పట్టుకుంది. మామయ్య చెయ్యి లేచింది, టెస్టరు మీదికి పోయింది, అక్కడే ఆగింది. రెండోసారికి సరిగ్గా దిగింది. ఎలక్ట్రీషియన్ వైరును ఎవరి కాళ్ళకూ తగలకుండా గోడ వెంట తీసి టేపు అంటించింది. ఫోన్లు బల్ల దగ్గరి చిన్న రంధ్రాల్లో పెట్టుకోండి, దిండు కింద పెట్టి చార్జింగు చేయకండి అంది. "దిండు కింద ఫోను పెట్టేవాణ్ణి ఉద్యోగంలోంచి తీసెయ్యాలి" అన్నాడు మామయ్య. ఇద్దరూ మొదటిసారి ఒకే మాట మీదికి వచ్చారు.

"ఒక పావుగంట మిషను వేసి చూసుకోండమ్మా. ఏదైనా ఉంటే బయల్దేరకముందే చూసి వెళతాను. ఈలోగా వరండాలో వాళ్ళకు కాస్త నచ్చచెప్పాలి," అంది ఎలక్ట్రీషియన్. మామయ్య లేచి ఆవిడ వెంట వెళ్ళి, ఒక్కో తలుపూ కొట్టి, "నాదే పొరపాటు, పెట్టుకోండి" అని చెప్పొచ్చాడు. చెవిమిషను పెద్దాయనకు రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. వచ్చేటప్పుడు ఆయనకు తువ్వాళ్ళు కూడా ఇప్పించాడు.

తిరిగొచ్చేసరికి అత్తయ్య మాస్కు పెట్టుకుని పడుకుని ఉంది. మిషను సన్నగా గుయ్యిమంటోంది. మామయ్య బల్ల ముందు కుర్చీ లాక్కుని, ప్లగ్గుకు ఒక పక్క, ఆవిడకు ఒక పక్క అందేలా కూర్చున్నాడు. వైరును వేళ్ళతో తాకి, వేడెక్కిందా అని చూశాడు. ఎక్కలేదు. ఆ తరువాత దుప్పటి మీద ఆవిడ ఛాతీ లేవడం, దిగడం చూస్తూ ఉండిపోయాడు. పెదవులు కదులుతున్నాయి. ఊపిర్లు లెక్కపెడుతున్నాడు.

ఐదింటికి ఓడ పెద్ద కూత పెట్టింది. నేల సన్నగా వణికింది. గుండ్రటి కిటికీలో రేవు గోడ మెల్లగా పక్కకు జరిగి, దాని వెనక నీళ్ళు కనిపించాయి, బోలెడన్ని. నేను ఎగిరి కిటికీ దగ్గరికి వెళ్ళాను. మామయ్య కదల్లేదు.

అత్తయ్య మాస్కు కొంచెం పక్కకు లాగి, తల అటు తిప్పి తృప్తిగా చూసింది. తరువాత మొగుడి వైపు చూసింది.

"ఏవండీ, సముద్రం అటుంది. ఇటేం చూస్తున్నారు?"

"మాస్కు పెట్టుకోవే ముందు," అన్నాడు మామయ్య. "అది ఎక్కడికీ పోదులే."