కుప్పంలో మార్తమ్మ పెళ్ళిచీర

'ప్రవేశం ఉచితం' అని రాసి ఉన్న సభలకు వెళ్ళడం నేను మానేసి చాలా కాలమైంది. జనం కరువైనప్పుడే తలుపులు అలా బార్లా తీస్తారని నా అనుభవం. అయినా పోయిన శనివారం మదనపల్లె నుంచి కుప్పం వెళ్ళి ఒక ఉచిత ఫ్యాషన్, చిత్రకళా ప్రదర్శన చూసి వచ్చాను. కారణం నా మిత్రుడు దేవదానం. మిషన్ ఆసుపత్రి ల్యాబులో పనిచేసి రిటైరై, ఇప్పుడు పుంగనూరులో ఉంటున్నాడు. ఏళ్ళ తరబడి నా చక్కెర పరీక్షలకు నెత్తురు తీసిన మనిషి. నాకు నొప్పి కలగకుండా నాతో వ్యవహరించినవాడు ఈ ప్రాంతంలో అతనొక్కడే.

అతని భార్య మార్తమ్మ అదే ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి, నాలుగేళ్ళ కిందట కన్నుమూసింది. ఆమె పెళ్ళిచీరను డిజైన్ కోర్సు చదివే పిల్లలు ప్రదర్శనకని అడిగి తీసుకుపోయారు. కుప్పం తర్వాత ఏడాదిపాటు వేరే ఊళ్ళకూ తిప్పుతామని, సమ్మతమేనా అని ఫోన్ చేశారు. "వచ్చి సూసి చెప్తా" అన్నాడట దేవదానం. ఇవ్వాలో, ఇంటికి తెచ్చుకోవాలో తేల్చుకోవడానికి నన్ను తోడు రమ్మన్నాడు.

నాకు ఇంకో కారణం కూడా ఉంది. ఆహ్వానపత్రంలో 'వ్యాఖ్యానం' అన్న మాట కింద ఒక పేరు చూశాను. ఆ పేరు ఇక్కడ రాయను. రాస్తే ఫోనులో ఫొటో తీసి పదిమందికి పంపుకుంటాడు. మా ఊరి సాహిత్య సంఘానికి ఆయన శాశ్వత అధ్యక్షుడు. ముప్పై ఏళ్ళ కిందట నేను రాసిన పదహారు పేజీల వ్యాసాన్ని ప్రత్యేక సంచికలో అర పేజీకి కుదించి, మిగిలిన చోట తన ఫొటో వేసుకున్నాడు. అలాంటివాడు బట్టల గురించి ఏం రాశాడో చూడాలనిపించింది.

ఉదయం ఆరున్నరకు మదనపల్లె బస్టాండులో ఎక్కాను. సీనియర్ సిటిజన్ రాయితీ అడిగితే కండక్టరు ఆధార్ కార్డు చూపించమన్నాడు.

"నా మొహం చూస్తే తెలీలా?"

"మొగం సూస్తే నూరేండ్లకు టికెట్టు కొట్టల్ల తాతా. కార్డు సూపీ."

టమోటా లారీల వెనక నింపాదిగా సాగి ఏడు దాటాక పుంగనూరు చేరాం. దేవదానం ఇస్త్రీ చొక్కాతో, ఖాళీ గుడ్డ సంచితో ఎక్కాడు. పెద్దపంజాణి పొలాల మీద మంచు ఇంకా విడలేదు. పలమనేరులో బస్సు దిగి, బస్టాండు ఎదురుగా ఇడ్లీ తిన్నాం. చెనిక్కాయల ఊరిమిండి (మా వైపు పచ్చడికి ఆ పేరు) బాగుంది. నాకు బాగుందనిపించడం అరుదు కాబట్టి గమనించగలరు. వడ్డించే ఆమెకు ఆ మాటే చెప్తే, "బాగుండాదనేదానికి అంత కోపమేల సామీ?" అంది. అక్కడి నుంచి వి.కోట మీదుగా కుప్పం బస్సు పట్టుకున్నాం. కుప్పంలో దిగేసరికి పదిన్నర అయింది. ఆటో నలభై రూపాయలు.

ప్రదర్శన ఒక కళ్యాణ మండపంలో పెట్టారు. మమ్మల్ని లోపలికి తీసుకెళ్ళింది గౌతమి అనే అమ్మాయి. దేవదానం ఇంటికి వచ్చి చీరను అడిగి తెచ్చింది ఆమే. ముందు హాల్లో బొమ్మలు. ఎక్కువ భాగం రంగుల వృథా. టమోటా మార్కెట్లో బుట్టలు మోసేవాళ్ళ మెడలను మాత్రమే గీసిన పటం ఒకటి ఉంది, దాని ముందు చాలాసేపు నిలబడ్డాను. ఉల్లిగడ్డల వల సంచీతో కుట్టిన గౌను గురించి ఏమీ అనను, కుట్టిన పిల్ల పక్కనే నిలబడి ఉండింది.

బట్టలను పుట్టుక, పెళ్ళి, పని, చావు అని నాలుగు గదుల్లో వరసగా అమర్చారు. దేవదానం నేరుగా పెళ్ళి గదిలోకి నడిచాడు. ఎర్రవి, పసుపువి, ఆకుపచ్చవి చీరలు ఉన్నాయి. మార్తమ్మది లేదు. రెండుసార్లు తిరిగి చూశాడు. "యాడో పక్కన పెట్టుంటారులే" అన్నాడు, నాతో కాదు.

చివరి గదిలో కనిపించింది. తెల్ల పట్టుచీర, నీరుగట్టువారిపల్లె మగ్గం మీద నేసింది. అంచులో సన్నగా గులాబీ గీత. పక్కన పెద్ద అట్ట: 'వైధవ్యపు శ్వేతమౌనం'. దాని కింద పదకొండు వరసల కవిత్వం. ఎవరు రాశారో చెప్పనక్కర్లేదు.

దేవదానం చివరి వరస దాకా చదివాడు. గౌతమి అట్టకు అడ్డంగా వచ్చి నిలబడింది. "తాతా, సర్దేటప్పుడు నేను పరీక్షల్లో ఉంటిని. సారు ఫొటోలు సూసి రాసినారు," అంది.

సారు అప్పుడే శాలువాతో వచ్చాడు. నన్ను చూసి, చూడనట్టు దేవదానం వైపు తిరిగాడు. "తెలుపు మన సంప్రదాయంలో శోకానికి ప్రతీక కదండీ" అన్నాడు.

"మా సంప్రదాయంలో పెండ్లిచీర సార్," అన్నాడు దేవదానం. "చర్చిలో నా పక్కన నిలబడేకి కట్టుకున్నాది. అప్పుడు నేను బతికే ఉంటిని. ఇప్పుడూ బతికే ఉండాను. విధవ యాడనుంచి వచ్చె?"

ముప్పై ఏళ్ళుగా నూరిపెట్టుకున్న వాక్యాలు నా నాలుక మీదికి వచ్చాయి. మొదటిది మొదలుపెట్టాను కూడా. దేవదానం నా మోచెయ్యి పట్టుకున్నాడు. "నీ కొట్లాట మీ ఊర్లో పెట్టుకోప్పా. ఈడుండేది మార్త."

అధ్యక్షుల వారు, ఆయనకు న్యాయం చెయ్యాలి కాబట్టి రాస్తున్నాను, "పొరపాటైంది, క్షమించండి" అని స్పష్టంగా అన్నారు. అట్టను తానే పీకబోయారు. జిగురు టేపు ఊడి రాలేదు. ఆయనకు మోకాళ్ళు వంగవు, నాకు కళ్ళు ఆనవు. ఆయన పైనుంచి, నేను కిందినుంచి గోళ్ళతో గీకాం. మా ఇద్దరి జీవితాల్లో కలిసి చేసిన పని ఇదొక్కటే. ఆ పదకొండు వరసలను ముక్కలు ముక్కలుగా చింపడంలో నాకు కలిగిన ఆనందాన్ని దాచుకోను.

కొత్త అట్ట మీద ఏం రాయాలన్నది తర్వాతి తగువు. ఆయన 'ధవళ సౌభాగ్యం' అన్నాడు. నేను రెండు వాక్యాలు చెప్పాను, నిజంగా మంచివి. దేవదానం రెండూ కాదని గౌతమి చేత రాయించాడు: 'మార్తమ్మ పెండ్లిచీర. మదనపల్లె.' చీరను దేవదానం, గౌతమి చెరో కొస పట్టుకుని పెళ్ళి గదికి తీసుకెళ్ళి, రెండు ఎర్రచీరల నడుమ వేలాడదీశారు.

కాసేపటికి ఒకామె కూతురితో వచ్చి ఆగింది. "తెల్లచీరతో పెండ్లేందమ్మా?"

దేవదానం ముందుకు జరిగాడు. "మాకట్లేనమ్మా. కానీ మా మార్తకు తెలుపంటే మంటే. ఆస్పత్రిలో దినామూ తెల్లబట్టలే గదా, పెండ్లికన్నా రంగుది కట్టుకుంటానని ఏడ్సింది. వాళ్ళమ్మ ఒప్పుకోలా. మగ్గం నేసే ఆయప్పతో గుట్టుగా చెప్పి ఆ గులాబీ గీత నేయించుకునింది."

ఆమె పగలబడి నవ్వింది. కూతురు ఫొటో తీసుకుంది. తర్వాత ఇంకొకరు, ఇంకొకరు. ప్రతిసారీ దేవదానం చెప్పే కథలో ఏడుపు కాస్త పెరిగింది, వాళ్ళమ్మ కోపమూ పెరిగింది. రెండున్నర దాకా నాకు సంగటి దక్కలేదు.

బయలుదేరేటప్పుడు గౌతమి భయంభయంగా అడిగింది: "చీర మడిచిచ్చేదా తాతా?"

"ఉండనీ పాపా. ఇంట్లో పెట్టెలో ఉంటే దాన్ని జూసి నవ్వేవాళ్ళు ఎవరుండారు?"

తిరుగు బస్సులో నేను ఆ అట్ట గురించి, అధ్యక్షుడి గురించి పలమనేరు దాకా మాట్లాడాను. దేవదానం విన్నాడో లేదో తెలియదు. చివరికి, "చీర హైదరాబాదుకు గూడా పోతాదంట. మార్త బతికుండంగా ఆ ఊరు సూడల్ల సూడల్ల అని శానా పోరె. నన్నిడిసిపెట్టి ఒక్కతే పోతాంది సూడు," అని కిటికీ వైపు తిరిగి నవ్వుకున్నాడు. మీరు ఇలాంటి ప్రదర్శనకు వెళ్తే ఒక్క సలహా: పక్కన అంటించిన అట్టలు చదవకముందే వస్తువులన్నిటినీ ఒకసారి చూసి రండి. ఆ వస్తువు తాలూకు మనిషి అక్కడే నిలబడి ఉంటే, అట్టను వదిలేసి ఆయన్నే అడగండి.